తివాచీ పీకితేనే తెలిసే సంగతులు



ఈ పూట నేను మాట్లాడబోయేది చేపలు పట్టే పడవలో పరిచిన పాత కార్పెట్ గురించి. దాన్ని ఎలా పీకాలి, పీకాక కింద ఏం చూడాలి అన్నదే విషయం. కాకినాడలోనో, భీమిలిలోనో, మచిలీపట్నంలోనో కూర్చుని వింటున్నవాళ్ళకి ఇదేదో వేళాకోళంలా అనిపించవచ్చు. మనకు తెలిసిన చేపల పడవలో తివాచీ అన్న మాటే లేదు. తెప్పయినా, నావయినా, ఫైబర్ బోటయినా లోపల ఉండేది వలలు, తాళ్ళు, ఐసు పెట్టె, అరికాళ్ళ కింద ఉప్పునీళ్ళు. ఇక్కడ టెక్సాస్‌లో మా మిత్రుడొకరింటికి ఊరినుంచి మామగారు వచ్చారు. సముద్రం ఒడ్డున పుట్టి పెరిగిన మనిషి. ట్రైలర్ మీదున్న బోటు ఎక్కి, కాళ్ళకి మెత్తగా తగిలేసరికి కిందికి చూసి, "ఏంటి అల్లుడూ, బోటులో తివాచీ పరిచావు? చేపలేమన్నా మగపెళ్ళివారా?" అన్నారు. "ఇక్కడంతా ఇంతే మామయ్యగారూ" అని అల్లుడు నవ్వేసి ఊరుకున్నాడు.

మామగారు అడిగింది న్యాయమైన ప్రశ్నే. జవాబు చెప్పాలంటే ఆ పడవ పుట్టుక కాస్త చెప్పాలి.

ఈ రకం పడవను బాస్ బోటు అంటారు. బాస్ మంచినీటి చేప. అందులో లార్జ్‌మౌత్ బాస్ అని, పేరుకు తగ్గట్టే పెద్ద నోరున్న రకం ఒకటుంది. అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో గాలం పట్టినవాళ్ళందరికీ అదంటే పిచ్చి. కూర వండుకోవడానికి కాదు, ఊరికే పట్టడానికి. పట్టి, తూకం వేసి, ఫొటో దిగి, మళ్ళీ నీళ్ళలోకి వదిలేస్తారు. పోటీల్లో ఇలా బతికుండగానే వదిలే పద్ధతిని 1972 నుంచి పట్టుబట్టి ప్రచారం చేసినవాడు రే స్కాట్. ఇక పడవల సంగతికొస్తే, 1948లో లూసియానా రాష్ట్రంలోని ష్రీవ్‌పోర్ట్‌లో హోమ్స్ థర్మండ్ తయారుచేసిన స్కీటర్‌ని మొదటి బాస్ బోటుగా చెప్పుకుంటారు. 1968లో ఆర్కన్సా రాష్ట్రంలో ఫ్లిప్పిన్ అనే చిన్న ఊళ్ళో ఫారెస్ట్ వుడ్, నీనా వుడ్ దంపతులు రేంజర్ కంపెనీ పెట్టి ఫైబర్‌గ్లాస్ పడవలు చేయడం మొదలుపెట్టారు. 1978లో మిస్సోరీకి చెందిన జానీ మోరిస్, అల్యూమినియం పడవ, మోటారు, ట్రైలర్ మూడూ కలిపి ఒకే ధరకి ట్రాకర్ పేరుతో అమ్మాడు. దాంతో మామూలు జీతగాళ్ళకి కూడా బాస్ బోటు అందుబాటులోకి వచ్చింది. ఇవాళ మనవాళ్ళు సెకండ్ హ్యాండులో కొని ఇంటికి తెచ్చుకునేవి ఎక్కువగా ఈ రెండు రకాలే: ఫైబర్‌గ్లాస్‌ది ఒకటి, అల్యూమినియం రేకుది ఇంకొకటి. ఈ తేడా గుర్తుపెట్టుకోండి, ముందుముందు పనికొస్తుంది.

బాస్ బోటులో మనిషి కూర్చుని వల లాగడు. ముందు భాగంలో ఎత్తుగా, చదునుగా ఉన్న డెక్కు మీద నిలబడి, రోజంతా గాలం విసురుతూ, కాలితో చిన్న ఎలక్ట్రిక్ మోటారు నడుపుతూ ఉంటాడు. నీళ్ళలో శబ్దం గాలిలో కంటే నాలుగు రెట్లకు పైగా వేగంగా ప్రయాణిస్తుంది, సెకనుకి దాదాపు 1,500 మీటర్లు. అల్యూమినియం డెక్కు మీద ప్లయర్ జారి పడిందంటే కింద ఉన్న చేపకి కబురు అందినట్టే. కార్పెట్ ఉంటే ఆ చప్పుడు చాలావరకు అణిగిపోతుంది. ఇది ఒక కారణం. ఎండాకాలం రేకు మీద ఒట్టికాళ్ళతో నిలబడలేం, తడిస్తే జారుతుంది, అవి ఇంకో రెండు. కంపెనీలు బయటికి చెప్పని కారణం మరొకటి ఉందని నా అనుమానం. కార్పెట్ పరిస్తే కింద అతుకులు, స్క్రూలు, చెక్క మీది గీతలు ఏవీ కనబడవు. నున్నగా ఫినిషింగ్ చేసి రంగు వేయడం కంటే గుడ్డ అంటించడం చవక.

మన సంగతంతా ఈ కనబడకపోవడంలోనే ఉంది. ఈ పడవల కార్పెట్‌ని పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్ నారతో చేస్తారు. ఆ నార నీళ్ళు పీల్చదు, కుళ్ళదు, నీళ్ళ మీద తేలేంత తేలిక. దుకాణంలో వినడానికి ఇదంతా బాగానే ఉంటుంది. కానీ పోగు పీల్చకపోయినా, పోగుకీ పోగుకీ మధ్య నీళ్ళు నిలుస్తాయి. వెనకవైపు రబ్బరు పూత, దాని కింద జిగురు, ఆ కింద ప్లైవుడ్. పైన తడి ఆరడానికి రెండు మూడు రోజులు పడితే, కింద చెక్కలో చేరిన తడి వారాలైనా వదలదు. చెక్కలో తేమ 20 శాతానికి లోపు ఉంటే బూజు జాతి శిలీంధ్రాలు దాన్ని తినలేవు, అది దాటి చాలాకాలం తడిగా ఉందంటే వాటికి పండగే. అంటే కుళ్ళేది కార్పెట్ కాదు, అది దాచిపెట్టిన చెక్క. పైన చూస్తే రంగు వెలిసిన బూడిద రంగు గుడ్డ, అక్కడక్కడా గాలపు ముల్లు చిక్కుకుని లేచిన దారాలు, కాస్త ముక్కవాసన. అంతే కదా, కొత్తది వేసేస్తే పోలా అనిపిస్తుంది.

పాత కార్పెట్ మీదే కొత్తది అంటించేస్తే సరిపోదా అని కొందరు అడుగుతారు. సరిపోదు. నిక్కచ్చిగా చెబుతున్నాను, అది పడవకి చేసే అపకారం. తడి తడిగానే ఉంటుంది, పైన ఇంకో దుప్పటి కప్పినట్టవుతుంది. పైగా డెక్కులో ఉన్న పెట్టెల మూతలు మూసుకోవు. ఆ మూతల చుట్టూ ఉండే సందు ఒక పొర కార్పెట్ మందానికి లెక్కగట్టి పెట్టినది. రెండో పొర వస్తే మూత బిగుసుకుపోయి, నీటి మధ్యలో లైఫ్ జాకెట్ తీయాలంటే స్క్రూడ్రైవర్‌తో మీటాల్సి వస్తుంది.

సరే, పీకాలనే నిర్ణయానికి వచ్చాం. ఎప్పుడు పీకాలి? టెక్సాస్‌లో బాస్ గుడ్లు పెట్టే కాలం ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా. వేటకి అదే అసలు సీజను. అప్పుడు పడవని షెడ్డులో విప్పిపెట్టుకుని కూర్చోవడానికి ఎవరికీ మనసొప్పదు. కాబట్టి అందరూ డిసెంబరు, జనవరుల్లో మొదలుపెడతారు. చలికి జిగురు గట్టిపడి ఉంటుంది, అదో చిక్కు. జూలైలో చేస్తే జిగురు మెత్తబడుతుంది గానీ మనిషి కూడా మెత్తబడతాడు. నవంబరులో ఎండ బాగా కాసే నాలుగు రోజులు చూసుకుని చేయడం మేలని నా అభిప్రాయం. ఇక ఎక్కడ చేయాలి అంటే, గాలి ఆడే చోట. గ్యారేజీ తలుపు మూసుకుని మాత్రం వద్దు. ఇంటి ముందు డ్రైవ్‌వేలో బోటు నిలబెట్టడానికి చాలా కాలనీల్లో ఇంటి యజమానుల సంఘాలు ఒప్పుకోవు, ఆ సంఘాలు పంపే హెచ్చరిక ఉత్తరాలు మనవాళ్ళందరికీ అలవాటే. ముందే ఒక మాట అడిగి పెట్టుకోండి.

మొదట బ్యాటరీలు. బాస్ బోటులో ఒకటి కాదు, రెండు నుంచి నాలుగు దాకా ఉంటాయి. పెద్ద మోటారు స్టార్ట్ చేయడానికి ఒకటి, కాలితో నడిపే ఆ చిన్న ట్రోలింగ్ మోటారుకి మిగతావి. వైర్లు విప్పి, బ్యాటరీలు మొత్తంగా బయటికి తీసి పెట్టండి. లెడ్ బ్యాటరీ చార్జ్ అవుతున్నప్పుడు హైడ్రోజన్ వదులుతుంది. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు, పడవ అడుగున చేరి కూర్చుంటుంది. తర్వాత జిగురు వదిలించడానికి మనం వాడబోయే అసిటోన్ ఆవిరీ అంతే, గాలికి రెట్టింపు బరువు. ఈ మూడూ ఉన్న చోట ఒక్క నిప్పురవ్వ చాలు. పడవ వెనక బిరడా తీసేసి, ముందు భాగం కాస్త ఎత్తులో ఉండేలా ట్రైలర్ నిలబెడితే అడుగున నిలిచిన నీళ్ళు వాటంతటవే దిగిపోతాయి. ఎంతసేపటికీ ధార ఆగకపోతే అది కూడా ఒక సమాచారమే. దాని సంగతి తర్వాత చెబుతాను.

తర్వాత ఫొటోలు. ప్రతి సీటు, ప్రతి మూత, ప్రతి వైరు విప్పేముందు ఫోనుతో ఫొటో తీయండి. ఇది చాదస్తం కాదు. సీటు కింది స్తంభాలు, గాలపు కర్రల పట్టీలు, మూతల బందులు, ట్రోలింగ్ మోటారు బిళ్ళ, వీటన్నిటికీ స్క్రూలు వేరువేరు పొడవుల్లో ఉంటాయి. పొట్టిది పెట్టాల్సిన చోట పొడుగుది బిగిస్తే, కింద పెట్రోలు ట్యాంకో వైరో ఉండవచ్చు. దేని స్క్రూలు దానికి చిన్న ప్లాస్టిక్ సంచుల్లో వేసి, పైన పేరు రాసి ఉంచుకోండి.

స్క్రూలు విప్పేటప్పుడు ఫైబర్‌గ్లాస్ పడవ వాళ్ళకి పెద్ద ఇబ్బంది ఉండదు. అల్యూమినియం పడవ వాళ్ళకే తలనొప్పి. స్టెయిన్‌లెస్ స్టీలు స్క్రూ అల్యూమినియంలో ఏళ్ళతరబడి తడిలో ఉంటే, రెండు లోహాల మధ్య చిన్న కరెంటు పుడుతుంది. నష్టపోయేది అల్యూమినియం. స్క్రూ చుట్టూ తెల్లటి పొడి కనిపిస్తుంది, అది తినబడిన లోహమే. ఆ స్క్రూ ఇక కదలదు. బలం పెట్టి తిప్పితే తల ఊడిపోతుంది. తుప్పు వదిలించే నూనె పోసి, ఒక రాత్రి వదిలేసి, మర్నాడు చిన్న సుత్తితో తల మీద తట్టి, అప్పుడు తిప్పాలి. అప్పటికీ రాకపోతే డ్రిల్లుతో తల తీసేయడమే. మళ్ళీ బిగించేటప్పుడు స్క్రూ మరలకి యాంటీ సీజ్ పేస్టు పూస్తే వచ్చేసారి ఈ తంటా ఉండదు.

ఇప్పుడు అసలు పని. ఒక మూల చూసుకోండి. ట్రోలింగ్ మోటారు బిళ్ళ ఉన్న చోటయితే మంచిది, అక్కడ నీళ్ళు ఎక్కువగా పడతాయి కాబట్టి జిగురు ముందే వదులైపోయి ఉంటుంది. స్క్రాపర్ అంచు దూర్చి అంగుళం లేపి, లాకింగ్ ప్లయర్‌తో ఆ అంచుని గట్టిగా కరిపించి, పైకి కాదు, వెనక్కి లాగాలి. నిలువుగా లాగితే నడుం పోతుంది, పైపొర ఊడి వచ్చి రబ్బరు పూత డెక్కుకే ఉండిపోతుంది. వెనక్కి మడిచి, నేలకి దాదాపు సమాంతరంగా లాగితే రెండూ కలిసి వస్తాయి. అలా లాగుతుంటే దారాలు పటపటమంటూ, జిగురు తీగలు తీగలుగా సాగి ఒక్కొక్కటే తెగుతుంటాయి. ఆ చప్పుడు ఆగి, కార్పెట్ ఉన్నట్టుండి సులువుగా, తడిగా లేచి వచ్చిందంటే సంతోషపడకండి. అక్కడ జిగురు పట్టుకోవడానికి కింద గట్టి చెక్క లేదన్నమాట. ఆ చోటుకి చాక్‌పీసుతో గుర్తు పెట్టుకోండి.

మొత్తం ఒకే ముక్కగా లాగాలని చూడవద్దు. అడుగు వెడల్పు పట్టీలుగా కోసుకుని లాగితే ఒక్కడే మనిషి చేయగలడు. కోయడానికి కొక్కెం ఆకారం బ్లేడు వాడండి. మామూలు బ్లేడు మొన దిగబడి ఫైబర్‌గ్లాస్ పైపూతని చీల్చేస్తుంది. జెల్ కోట్ అనే ఆ పూత మందం మహా అయితే అర మిల్లీమీటరు చిల్లర. అది చీలితే నీళ్ళకి కొత్త దారి ఇచ్చినట్టే. మూతల మీది ముక్కల్ని మాత్రం పట్టీలుగా కోయవద్దు, చిరగకుండా జాగ్రత్తగా తీయండి. కొత్తది కత్తిరించడానికి కొలతలు అవే. ఏ మూతది ఏదో, ముందువైపు ఏదో వెనకాల బాణం గుర్తు వేసి రాసుకోండి. కార్పెట్ నూలుకి ఒక వాలు ఉంటుంది. రెండు ముక్కల వాలు రెండు వైపులా ఉంటే ఒకే థాను గుడ్డ అయినా ఎండలో రెండు రంగులుగా కనబడుతుంది.

కార్పెట్ పీకడం ఒక పూట పని. జిగురు వదిలించడం ఎన్ని రోజుల పనో ఎవరూ ముందు చెప్పలేరు. ఈ పనికి ఒప్పుకున్న ప్రతివాడూ మొదటి సాయంత్రం గుడ్డ అంతా ఊడిపోయాక, "ఇంతేనా" అనుకుంటాడు. మర్నాడు పొద్దున డెక్కు మీద గోధుమ రంగులో, అలలు అలలుగా, మధ్యమధ్య నూలు అతుక్కుని ఉన్న జిగురు చూశాక అసలు సంగతి తెలుస్తుంది.

ముందు వేడి. హీట్ గన్‌ని ఒకచోట నిలపకుండా అటూ ఇటూ ఆడిస్తూ, రెండో చేత్తో స్క్రాపర్ నడపాలి. ఇది అరిసెల పాకం వ్యవహారం. కాస్త తక్కువైతే రాదు, కాస్త ఎక్కువైతే మాడి రాయి అవుతుంది, మధ్యలో ఒక అదను ఉంది, అప్పుడు స్క్రాపర్ ముందు చుట్ట చుట్టుకుంటూ లేస్తుంది. హీట్ గన్ నోటి దగ్గర వేడి 500 డిగ్రీల సెల్సియస్ దాటవచ్చు. పాలీప్రొపిలీన్ 165 డిగ్రీల ప్రాంతంలో కరిగిపోతుంది. మిగిలిన నూలు మీద గన్ ఆనించారంటే అది కరిగి జిగురులో కలిసి, రెండూ కలిసి ఇంకా మొండిగా తయారవుతాయి. ఫైబర్‌గ్లాస్ మీదయితే పైపూత బుడగలు లేస్తుంది. చెయ్యి పెట్టి తాకలేనంత వేడెక్కిందంటే గన్ పక్కకి జరిపేయాలి.

వేడికి లొంగనిదాన్ని రసాయనంతో చూడాలి. జిగురు నీటి రకమైతే సబ్బు కలిపిన వేడినీళ్ళ గుడ్డ కప్పి కొంతసేపు ఉంచినా మెత్తబడుతుంది. ద్రావకం రకమైతే అసిటోన్ కావాలి. ఏ రకమో తెలుసుకోవడానికి గోరంత చోట రెండూ వేసి చూస్తే సరి. అసిటోన్ సున్నాకి కింద 20 డిగ్రీల చలిలో కూడా అంటుకోగల ఆవిరిని ఇస్తుంది. కాబట్టి హీట్ గన్, అసిటోన్ ఒకే రోజు ఒకే పడవలో ఉండకూడదు. ఈ ఒక్క మాట ఎంత గట్టిగా చెప్పినా తక్కువే. వేడి పని పూర్తిగా అయ్యాక, గన్ ఇంట్లో పెట్టేశాక, మర్నాడు అసిటోన్ డబ్బా తీయండి. ఆసుపత్రుల్లో కనిపించే నీలం రంగు నైట్రైల్ గ్లౌజులు అసిటోన్‌కి ఆగవు, బ్యూటైల్ రబ్బరువి కావాలి. మందుల షాపు మాస్కు ఆవిరిని ఆపదు, ఆర్గానిక్ వేపర్ డబ్బాలు బిగించే మాస్కు వేసుకోవాలి. పాత రోజుల్లో పెయింట్ ఊడగొట్టడానికి మెథిలీన్ క్లోరైడ్ వాడేవారు, జిగురు కూడా ఇట్టే వచ్చేసేది. మూసిన గదుల్లో దాన్ని పీల్చి మనుషులు చనిపోయారు. 2019లో అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ ఆ పెయింట్ రిమూవర్లని మామూలు జనానికి అమ్మకుండా నిషేధించింది. ఎవరి షెడ్డులోనో పాత డబ్బా ఉందని, ఊరికే వస్తోందని తెచ్చుకోవద్దు.

చివరగా రాపిడి. గ్రైండరుకి వైరు బ్రష్ బిగించి తిప్పితే మిగిలిందంతా పోతుంది, కాకపోతే తెగిన తీగముక్కలు సూదుల్లా ఎగురుతాయి, కళ్ళద్దాలు తప్పనిసరి. అల్యూమినియం మీద మామూలు ఇనుప బ్రష్ వాడకూడదు. దాని రేణువులు రేకులో దిగబడి తుప్పు పట్టి, అక్కడినుంచి రేకుని తింటాయి. స్టెయిన్‌లెస్ తీగ బ్రష్ కావాలి. ఫైబర్‌గ్లాస్‌ని ఎమ్రీ పేపరుతో రుద్దితే వచ్చే దుమ్ము ఒంటిమీద పడితే రోజంతా దురద, ఊపిరితిత్తుల్లోకి పోతే అంతకంటే చేటు. పొడుగు చేతుల చొక్కా వేసుకుని, వ్యాక్యూమ్ పక్కనే పెట్టుకుని, మధ్యమధ్యలో ఊడ్చుకుంటూ చేయాలి. ఆ నూలు, ఆ జిగురు ముక్కలు పడవ అడుక్కి జారితే నీళ్ళు తోడే పంపు నోట్లో ఇరుక్కుంటాయి. పంపు పనిచేయడం లేదని తెలిసేది వాన పడే రోజునే. ప్రెషర్ వాషర్ పెట్టి కొడితే ఒక్క గంటలో పోతుందనే సలహా ఎవరైనా ఇస్తే వినకండి. జిగురు పోతుంది, నీళ్ళన్నీ డెక్కు కిందికి పోతాయి.

ఇంత శ్రమా పడ్డాక డెక్కు కనిపిస్తుంది కదా, ఇక నెమ్మదిగా తనిఖీ చేయండి. నా దృష్టిలో కార్పెట్ పీకడానికి అసలు ప్రయోజనం ఇదే. కొత్త గుడ్డ అందం కోసమే అయితే ఇంత కష్టం అక్కర్లేదు. సుత్తి చెక్క పిడితో డెక్కంతా చదరం చదరంగా తట్టుకుంటూ పోండి. బాగున్న చోట టక్‌మంటుంది, పాడైన చోట బద్ధకంగా దబ్‌మంటుంది. అనుమానం ఉన్నచోట సన్నటి స్క్రూడ్రైవర్ మొనతో గుచ్చండి. ప్రతి స్క్రూ బెజ్జం చుట్టూ చూడండి. ఆరోగ్యంగా ఉన్న చెక్కలో బెజ్జం అంచు లేతరంగులో, గట్టిగా ఉంటుంది. నీళ్ళు దిగిన బెజ్జం చుట్టూ నల్లటి వలయం కనబడుతుంది, గోటితో గీరితే పీచు పీచుగా వస్తుంది. ఆ వలయం ఎంత వెడల్పు ఉందో చూస్తే జబ్బు ఎంత దూరం వెళ్ళిందో అర్థమవుతుంది. సీటు స్తంభాల చుట్టూ ఇది ఎక్కువ, మనిషి బరువంతా అక్కడే కదులుతుంది కాబట్టి.

నలుపు బెజ్జం వరకే ఉంటే పర్లేదు. బెజ్జాన్ని పెద్ద డ్రిల్లుతో మంచి చెక్క తగిలేదాకా తొలిచి, బాగా ఆరనిచ్చి, చిక్కటి ఎపాక్సీ నింపి, గట్టిపడ్డాక దాని మధ్యలో కొత్త బెజ్జం వేసుకోవచ్చు. అప్పుడు స్క్రూ చెక్కని తాకదు, నీళ్ళకి దారి ఉండదు. అంతకు మించి మెత్తబడితే ఆ పలక మార్చడమే. మెత్తటి చెక్క మీద రెసిన్ పూసి గట్టిపరుస్తామని డబ్బాల మీద రాసి అమ్ముతారు. నిలబడి గాలం విసిరే మనిషి కాళ్ళ కింద అలాంటి చెక్కని నేను నమ్మను.

పలక మార్చేటప్పుడే చాలామంది పొరపడతారు. హార్డ్‌వేర్ దుకాణానికి వెళ్ళి, ఎలాగూ నీళ్ళలో ఉండేదే కదా అని, చెదపట్టకుండా మందు ఎక్కించిన ప్లైవుడ్ కొంటారు. చూడ్డానికి లేత ఆకుపచ్చగా ఉంటుంది. ఫైబర్‌గ్లాస్ పడవలో అయితే రెసిన్ సరిగా అంటదు. అల్యూమినియం పడవలో అయితే ప్రమాదమే. అమెరికాలో 2003 చివరిదాకా ఇళ్ళకి వాడే అలాంటి చెక్కలో రాగి, క్రోమియం, ఆర్సెనిక్ ఉండేవి. ఆర్సెనిక్ విషమని ఆపేశాక, 2004 నుంచి వచ్చిన మందుల్లో రాగి పాలు బాగా పెరిగింది. రాగి, తడి, అల్యూమినియం ఒకచోట చేరితే ఇందాక స్క్రూ దగ్గర చెప్పిన కథే, పలక మొత్తం మీద జరుగుతుంది. కొన్నేళ్ళకి కార్పెట్ మళ్ళీ లేపి చూస్తే రేకు నిండా సూది బెజ్జాలు ఉంటాయి. కాబట్టి మందు పట్టించని మెరైన్ ప్లైవుడ్ తీసుకోండి, లేదా బయటి వాడకానికి చేసిన మామూలు మంచి ప్లైవుడ్ తీసుకుని, కోసిన అంచులతో సహా ఆరువైపులా ఎపాక్సీ పట్టించండి. అంచులే ముఖ్యం, ప్లైవుడ్ నీళ్ళు తాగేది అక్కడినుంచే.

పలక తీసినప్పుడు కింద పసుపు రంగు ఫోమ్ కనిపిస్తుంది. పడవ నిండా నీళ్ళొచ్చినా మునిగిపోకుండా తేల్చేది అదే. 20 అడుగుల లోపు మోటారు పడవల్లో ఇలాంటి తేలే ఏర్పాటు ఉండాలని అమెరికా కోస్ట్ గార్డ్ నిబంధన. కాబట్టి పాడైందని తవ్వి పారేసి ఖాళీగా వదిలేయకూడదు. ఒక ముక్క కోసి చేత్తో పిండండి. నీళ్ళు కారితే, ఇందాక బిరడా తీసినప్పుడు ధార ఎందుకు ఆగలేదో తెలిసిపోయినట్టే. తడిసిన ఫోమ్ ఆరదు. మార్చాల్సిందే. పడవ ఈమధ్య బరువెక్కిందని, వేగం తగ్గిందని, మోటారు పాతదైందని అనుకునేవాళ్ళలో కొందరు మోస్తున్నది ఆ నీళ్ళని. ఇదే ఊపులో వెనక గోడ కూడా చూసుకోండి. మోటారు కొంచెం పైకి లేపి, దాని అడుగు పట్టుకుని కదిపితే గోడ కూడా ఊగిందంటే, ఇక కార్పెట్ సంగతి పక్కనపెట్టి మెకానిక్‌ని పిలవండి.

అన్నీ బాగై, డెక్కు పూర్తిగా ఆరాక పైన ఏం వేయాలి? మళ్ళీ కార్పెట్ వేయవచ్చు, చవక, చప్పుడు చేయదు. ఈవీఏ ఫోమ్ షీట్లు నీళ్ళు నిలవనివ్వవు, కాళ్ళకి హాయి, ధర ఎక్కువ, గాలపు ముళ్ళకి చిరుగుతాయి. వినైల్ కడగడానికి సులువు, ఎండకి కాలుతుంది. గరుకు రంగు వేసి వదిలేసేవాళ్ళూ ఉన్నారు. నన్నడిగితే నిలబడే డెక్కుకి ఫోమ్, పక్క గోడలకి కార్పెట్. ఏది వేసినా బోటు మీద పట్టా కప్పేటప్పుడు లోపల గాలి ఆడేలా చూసుకోండి. తడి బోటుని బిగుతుగా మూసి పెడితే ఏ గుడ్డయినా ఒకటే.

ఇక మిగిలింది చెత్త. జిగురు పట్టిన కార్పెట్‌ని మామూలు చెత్త డబ్బాలో కుక్కితే తీసుకెళ్ళరు, ఊరి డంపింగ్ యార్డుకి మీరే పట్టుకెళ్ళాలి. అసిటోన్ గుడ్డల్ని బయట తాడు మీద వేరువేరుగా ఆరవేసి, పూర్తిగా ఆరాకే పారేయాలి. మిగిలిన ద్రావకం మోరీలో పోయకుండా, ప్రమాదకర చెత్త తీసుకునే కేంద్రంలో ఇవ్వండి.

ఆఖరుగా ఒక్క మాట, ముఖ్యంగా ఇక్కడి మనవాళ్ళకి. ఈ పనంతా పూర్తయ్యేసరికి జనవరి వస్తుంది. ఊడబీకిన ప్లైవుడ్ ముక్కలు గ్యారేజీ పక్కన గుట్టగా పడి ఉంటాయి. భోగి పొద్దున పిల్లలకి మంట చూపించాలని పాత చెక్క కోసం వెతుక్కుంటాం. పాత బోటు చెక్కని ఆ మంటలో వేయకండి. దానికి ఆర్సెనిక్ మందు పట్టించి ఉంటే పొగలోనూ విషమే, బూడిదలోనూ విషమే, పైగా ఆ బూడిద పెరట్లోనే ఉండిపోతుంది. ఆకుపచ్చ ఛాయ వెలిసిపోయి ఉండవచ్చు, కాబట్టి చూసి పోల్చగలమనుకోవద్దు. భోగికి మందు పట్టించని కట్టెల మోపు ఒకటి దుకాణంలో కొనండి. బోటు చెక్కని డంపింగ్ యార్డుకి పంపించండి.